రెండు కిలోల చెయ్యి

మొన్న ఆదివారం మా మామ కూతురు మహారాష్ట్రలోని సిరొంచ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. ఏడో తరగతి చదువుతోంది. నోటుబుక్కులో స్కేలు పెట్టి రెండు నిలువు గళ్లు గీసింది. ఒక గడి మీద బరువు అని, రెండో గడి మీద బలం అని మరాఠీలో రాసి ఉంది. కింద ఒక వాయిస్ మెసేజ్.

“అక్కా, జర చెప్పవా. డబ్బాల రాళ్లు ఏసి స్ప్రింగ్ కాటతోని గుంజుతున్న. మొదలు ముల్లు ఎగురుతున్నది, డబ్బా కదిలినంక కిందికి దిగుతున్నది. మీదిది రాయాల్నా, కిందిది రాయాల్నా? మా బాయి రేపే చూస్తదట.”

బాయి అంటే అక్కడి బళ్లో టీచరమ్మ. నేను హైదరాబాద్ మెట్రోలో నిలబడి ఉన్నాను. ఫోన్ నా చేతిలో లేని టైమంటూ ఉంటే అది నిద్రలోనే, కాబట్టి ఎవరికైనా అర నిమిషంలో జవాబిస్తాను. దానికి మాత్రం రెండు స్టేషన్లు దాటేదాకా ఏమీ రాయలేకపోయాను. తర్వాత, “రెండూ రాయి. మీదిది రాయకపోతే వచ్చి తంతా” అని పంపాను. అది పళ్లికిలించే బొమ్మలు నాలుగు పంపింది. దానికేం తెలుసు.

నా చిన్నప్పుడు ఇదే ప్రయోగం, ఆ ఇంట్లోనే, నేనూ చేశాను. మీదిదా కిందిదా అని నేను ఎవర్నీ అడగలేదు.

అప్పుడు నాకు పదమూడేళ్లు. పరీక్షల చివరి రోజు మా క్లాసులో ఒకడి ముక్కు మీద గుద్దాను. వాడు ఏమన్నాడో ఇప్పుడు గుర్తు లేదు, రక్తం మాత్రం గుర్తుంది. మా అమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే నా బట్టలు బ్యాగులో సర్దేసింది. “పో, రెండు నెలలు అమ్మమ్మ దగ్గరుండు. ఆ నదిల మునిగి లేస్తెనన్న నీ తలకాయ చల్లవడ్తది” అంది. అలా ఎండాకాలమంతా సిరొంచలో పడ్డాను.

అప్పటికి ప్రాణహిత మీద వంతెన లేదు. ఇటు ఒడ్డున బస్సు దిగి, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, పడవ ఎక్కితే అటు ఒడ్డు మహారాష్ట్ర. పడవలో మనుషులు, మోటారు సైకిళ్లు, బియ్యం బస్తాలు, కోళ్ల గంపలు అన్నీ కలిసే దాటేవి. నీళ్ల వాసనలో డీజిల్ పొగ కలిసేది.

మా తాతది కిరాణా దుకాణం. ఇల్లు దాని వెనకే. దుకాణంలోకి అడుగు పెడితే గోనెసంచుల దుమ్ము, బెల్లం, ఎండుమిర్చి, కిరోసిన్ అన్నీ ఒకేసారి ముక్కుకు తగిలేవి. పక్క గదిలో ఎండిన ఇప్పపువ్వు కుప్పలుగా పోసి ఉండేది. ఆ మత్తు వాసన నా జుట్టుకు పట్టుకుని తల స్నానం చేసినా వదిలేది కాదు. పొద్దున పోహా, మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చి మామిడికాయ తొక్కు. సాయంత్రం అమ్మమ్మ సర్వపిండి చేస్తే గిన్నెకు అంటుకుని మాడిన ముక్క కోసం నేనూ మామా కొట్టుకునేవాళ్లం. మామకు అప్పటికింకా పెళ్లి కాలేదు. తాత గల్లా పెట్టె దగ్గర కూర్చునేవాడు కానీ, దుకాణం నడిపేది మామే.

నాకు ఇవేవీ పట్టలేదు. నా బాధ ఒక్కటే, సిగ్నల్. అమ్మ వాడి వదిలేసిన బటన్ల ఫోన్ ఒకటి నాకిచ్చింది. ఇంట్లో ఉంటే మహారాష్ట్ర టవర్ పట్టుకుని రోమింగ్ పడేది, బ్యాలెన్స్ మంచులా కరిగేది. రేవు దగ్గరికి పోతే నది అవతలి టవర్ అందేది. అందులోనూ ఒడ్డు ఎక్కే దారి మధ్యలో ఒకచోట నిలబడితే నిండా అందేది. అందుకే పొద్దున లేస్తే రేవుకు పోయేదాన్ని. నది మీద ప్రేమతో కాదు.

ఎండాకాలం నీళ్లు దిగిపోయి ఒడ్డు నిట్టనిలువుగా, పొడుగ్గా తయారయ్యేది. అవతలి నుంచి దుకాణానికి సరుకు పడవలో వస్తే, తాత దగ్గర కూలికుండే హమాలీలు బస్తాలు వీపున వేసుకుని ఒడ్డెక్కి పైన నిలబెట్టిన ట్రాలీ ఆటోలో వేసేవాళ్లు. దారి సగంలో రెండు అడుగుల చదును జాగా ఉండేది. బస్తా దించకుండానే అక్కడ ఆగి ఊపిరి తీసుకునేవాళ్లు. దాన్ని దమ్ము మెట్టు అనేవాళ్లు. నాకు సిగ్నల్ అందే చోటు కూడా అదే.

హమాలీలలో అందరికంటే పెద్దవాడిని నేను పెద్దయ్య అని పిలిచేదాన్ని, అతని భార్యను అవ్వ అని. ఇద్దరూ కలిసి పనిచేసేవాళ్లు. అతను క్వింటాలు బస్తా వీపున వేసుకుని ముందుకు వంగి నడిచేవాడు. ఆమె వెనకాలే నడుస్తూ అతని నడుం మీద అరచెయ్యి ఆనించి ఉంచేది. ఎనుకచెయ్యి అనేవాళ్లు దాన్ని. ఆ రేవులో ఎనుకచెయ్యి లేకుండా ఎవరూ ఒడ్డెక్కేవాళ్లు కాదు. మిగతా ముగ్గురు హమాలీలు వంతులవారీగా ఒకరి వెనక ఒకరు చెయ్యి పెట్టుకునేవాళ్లు. పెద్దయ్యకు మాత్రం ఎప్పుడూ అవ్వే.

దమ్ము మెట్టు మీద ఆగాక అతను, “ఉన్నవా?” అనేవాడు.

“ఉన్న” అనేది ఆమె.

అప్పుడు అడుగు వేసేవాడు. ప్రతి బస్తాకూ ఇంతే. రోజుకు ముప్పయిసార్లు విన్నాను. వెనక ఉండక ఎక్కడికి పోతుంది, ఈ ముసలాయనకు పిచ్చా అని నవ్వుకుని మళ్లీ మెసేజ్ టైప్ చేసుకునేదాన్ని.

బళ్లో సెలవులకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. వస్తువు బరువు పెరిగేకొద్దీ దాన్ని కదిలించే బలం ఎంత పెరుగుతుందో కొలిచి చార్టు వేయాలి. ఏ పనీ తోచక పది రోజులకు మొదలుపెట్టాను. దుకాణంలో పాత ఇనుము తూచే స్ప్రింగ్ కాటా ఒకటి వేలాడుతుండేది. దాన్ని విప్పుకున్నాను. మామ ఒక చెక్కపెట్టె, తూకం రాళ్లు ఇచ్చాడు. పెట్టెలో రాళ్లు వేసి, కొక్కెం తగిలించి, దుకాణం బండల మీద గుంజి, ముల్లు ఎంత చూపిస్తే అంత రాసుకోవాలి.

మొదలుపెట్టాక ఆగలేకపోయాను. కనిపించిన ప్రతిదానికీ కొక్కెం తగిలించాను. బియ్యం డబ్బా, బర్రె దూడ, గల్లా పెట్టె. ఒక మధ్యాహ్నం తాత పడుకున్న నులకమంచం కోడుకు తగిలించి గుంజాను. ముల్లు చివరిదాకా పోయింది, మంచం మాత్రం కదల్లేదు.

తాత కళ్లు తెరవకుండానే, “నేనెంతొచ్చిన?” అన్నాడు.

“ముల్లు సాల్తలేదు తాతా.”

“మీ అమ్మమ్మను గూడ ఎక్కించుమంటవా?”

వంటింట్లోంచి అమ్మమ్మ, “ముసలోనికి సిగ్గు లేదు, పిల్లకు బుద్ధి లేదు” అంది.

లెక్కలు బాగా వచ్చాయి. అయిదు కిలోల పెట్టెను గుంజితే రెండు కిలోల బలం. పదికి నాలుగు. ఇరవైకి ఎనిమిది. బరువు రెండింతలైతే బలం రెండింతలు. చార్టు మీద చుక్కలు పెట్టి కలిపితే గీత కత్తితో కోసినట్టు వచ్చింది. ఒక్కటే చికాకు. గుంజడం మొదలుపెట్టగానే ముల్లు ఎగిరేది. పది కిలోల పెట్టెకు అయిదున్నర దాకా పోయి, పెట్టె కదిలాక నాలుగు మీదికి దిగి నిలబడేది. సారు ఇచ్చిన కాగితంలో అంకెకు ఒకటే గడి ఉంది. ఎగిరిన అంకెలు ప్రతిసారీ వేరేగా వస్తున్నాయి, వాటితో గీత వంకర పోతోంది. ఒకటి రెండు రాసి, రబ్బరుతో చెరిపేశాను. నా చెయ్యి వణికి ఉంటుంది అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం పెద్దయ్య, అవ్వ దుకాణం అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నారు. నాకు ఒక ఆలోచన వచ్చింది.

“అవ్వా, పెద్దయ్యను ఎనుక నుంచి నూకుతవు గదా, ఎంత నూకుతవు?”

“నూకుడేందే. చెయ్యి పెడత.”

“అదే, ఎంత పెడతవు?”

“చెయ్యంత.”

అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. నేను వదల్లేదు. లోపలికి లాక్కొచ్చి బస్తాలు తూచే కాటా ముందు నిలబెట్టాను. “రోజు పెట్టినంతనే పెట్టు” అన్నాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు తల దించుకుని అరచెయ్యి పళ్లెం మీద ఆనించింది. ముల్లు రెండు దగ్గర ఆగింది.

“రెండు కిలోలేనా?” అన్నాడు పెద్దయ్య. “ఇన్నేండ్ల సంది పది కిలోలనుకుంటున్న. గిది నాకు తక్కువ తూకం పెడుతున్నది సేటూ.”

తాత నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అవ్వ, “నీ ఈపుకు రెండు కిలోలే ఎక్కువ” అంది. నేను నోటుబుక్కులో ఒక మూల, చెయ్యి రెండు కిలోలు అని రాసుకున్నాను. అప్పటికి ఆ మాటలో విషం లేదు. ఒట్టి సరదా.

తర్వాత నాలుగైదు రోజులకు, దమ్ము మెట్టు మీద నిలబడి ఫ్రెండుతో మెసేజ్‌లలో కొట్లాడుతున్నాను. కింద పడవ ఖాళీ అవుతోంది. పెద్దయ్య బస్తాతో పైకి వస్తున్నాడు. అవ్వ కింది నుంచే రెండుసార్లు, “జరుగు బిడ్డా” అంది. విన్నాను. జరగలేదు. ఒక్క లైను టైప్ చేసి జరుగుదామనుకున్నాను. అతను మెట్టు దగ్గరికి వచ్చేశాడు, ఆగడానికి చోటు లేదు. అవ్వ ఎడమచేత్తో నన్ను పక్కకు తోసింది. ఫోన్ చేతిలోంచి జారింది. బంకమట్టి మీద సబ్బుబిళ్లలా జారుతూ పోయి నీళ్లలో పడింది.

ఎవరో దిగి తీసిచ్చారు. బియ్యంలో పెట్టాం, ఎండలో పెట్టాం. బతకలేదు.

సాయంత్రం అవ్వ దుకాణానికి వచ్చింది. “బిడ్డా, కావాలని నూకలే” అంది. నేను ఆమె మొహం చూడలేదు. దుకాణంలో తాత, మామ, ఇద్దరు ముగ్గురు గిరాకీలు ఉన్నారు. నోటుబుక్కు తెచ్చి మామ ముందు తెరిచి పెట్టాను.

“నువ్వే చూడు మామా. ఆమె చెయ్యి రెండు కిలోలు. బస్తా క్వింటాలు. నూటికి రెండు. గాలి గూడ గంత నూకుతది. ఆమె ఉత్తగ ఎనుకవడి తిరుగుతది, పని చేసేది ఆయనొక్కడే.”

నాకు ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. పదమూడేళ్ల పిల్ల గొంతు, సైన్సు మాట్లాడుతున్న గొంతు.

మామ నోటుబుక్కు తీసుకుని చదివాడు. అతనికి ఆ ఆలోచన ముందే ఉందేమో, నేను దానికి అంకె ఇచ్చాను. “పోరి చెప్పేది కూడ నిజమే గదా బాపూ. ఒక బస్తాకు ఇద్దరు. ఇక్కడేమో చింతపండు గింజ తీసెతందుకు మనిషి లేదు.”

“ఘాట్ మీద ఎప్పటి సంది గట్లనే నడుస్తున్నది గదరా” అన్నాడు తాత.

“నడుస్తున్నదని నడిపిస్తమా?”

లోపలి గుమ్మం దగ్గర నిలబడిన అమ్మమ్మ, “ఆమె చెయ్యి లేకుంట ఆయన ఎక్కడురా. ఎక్కంగ నువ్వు చూసినవా ఎన్నడన్న?” అంది. మామ చార్టు మీది గీతను వేలితో చూపించాడు. తాత కళ్లజోడు పెట్టుకుని ఆ గీతను చాలాసేపు చూశాడు. మనవరాలు గీసిన గీత. ఆయన మొహంలో గర్వం నాకు కనిపించింది. “సరే, నీ ఇష్టంరా” అన్నాడు మామతో. మర్నాడు చార్టును గల్లా పెట్టె వెనక గోడకు అంటించి, వచ్చిన గిరాకీకల్లా చూపించాడు.

మర్నాటి నుంచి అవ్వ దుకాణం వెనక గదిలో చింతపండు కుప్ప ముందు కూర్చుంది. అక్కడి నుంచి రేవు కనిపించదు కానీ పడవ ఇంజన్ చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు రాగానే ఆమె చేతులు ఆగేవి. చప్పుడు ఆగాక మళ్లీ గింజలు తీసేది. మొదటి రోజు మధ్యాహ్నం పెద్దయ్య వచ్చి, గుమ్మంలో వెనక్కి తిరిగి తన నడుం చూపించి, “రెండు కిలోలు తక్కువైంది, పానం హాయిగున్నది” అన్నాడు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. “నీళ్లు తాగినవా?” అని మాత్రం అడిగింది.

మిగతా హమాలీలు ఎనుకచెయ్యి ఇచ్చేవాళ్లే. కానీ అది తునికాకు రోజులు. అదే వారం ముగ్గురూ ఆకు కోతకు జిమల్‌గట్ట అవతలి అడవికి పోయారు. రేవులో పెద్దయ్య ఒక్కడే మిగిలాడు. వారం రోజులు అలాగే మోశాడు. రోజూ నేను చూశాను. నా లెక్క తప్పు కాలేదని తృప్తిగా కూడా ఉంది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాన పడింది. ఆ ఏడు మొదటి వాన. పడవలో బియ్యం ఉంది, తడిస్తే పోతుంది. మామ పై నుంచి తొందరపెడుతున్నాడు. నేను గొడుగు వేసుకుని ఒడ్డు మీద దారికి పక్కగా నిలబడ్డాను. ఫోన్ లేకపోయినా కాళ్లు అక్కడికే పోయేవి. బంకమట్టి తడిసి నల్లగా మెరుస్తోంది. పెద్దయ్య నాలుగు బస్తాలు పైకి చేర్చాడు. అయిదోది తెస్తున్నాడు. గోనెపట్టా తల మీదుగా కప్పుకున్నాడు. దమ్ము మెట్టు మీద ఆగాడు. నాకూ అతనికీ మధ్య పది అడుగులు ఉంటాయేమో.

కాలు ముందుకు చాపాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు, తీసుకున్నాడు. బస్తా కింద తల వంగి ఉంది. తల తిప్పే వీలు లేదు.

“ఉన్నవా?” అన్నాడు.

అలవాటుకొద్దీ అన్నాడు. వాన చప్పుడులో చిన్నగా వినిపించింది. నేను నోరు తెరిచాను. ఆ ప్రశ్న నాది కాదు. ఉన్నానని నేనంటే అబద్ధం, లేదంటే ఏమవుతుందో తెలియదు. కొద్దిసేపు ఆగాడు. ఇంకెవరూ పలకలేదు. అడుగు వేశాడు.

కాలు జారింది. ముందుకు కాదు, పక్కకు పడ్డాడు. బస్తా అతని తొడ మీద పడింది. ఒక చప్పుడు వచ్చింది. దాని గురించి రాయను.

ట్రాలీ ఆటోలో ఉన్న బస్తాలు వానలోనే దించేసి అందులో పడుకోబెట్టారు. ఎవరు చెప్పారో, అవ్వ దుకాణం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు చింతపండు జిగురు అలాగే ఉంది. ఆటో ఎక్కి అతని తల ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. “బిడ్డా, తడుస్తున్నవు, ఇంటికి వో” అంది. గొడుగు ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు.

అహేరికి తీసుకుపోయారు, అక్కడి నుంచి చంద్రాపూర్‌కు. తుంటి విరిగింది. ఈ వయసులో అతకడం కష్టమన్నారు. పది పన్నెండు రోజులకు మంచం మీదే తిరిగొచ్చాడు.

తాత గోడ మీది చార్టు ఊడబీకి, మడిచి, నా బ్యాగులో పెట్టేశాడు. మామ చాలా రోజులు భోజనానికి నా పక్కన కూర్చోలేదు. నా మీద కోపమో, తన మీద కోపమో ఇప్పటికీ అడగలేదు. అమ్మమ్మ రాత్రి తల నిమురుతూ, “నువ్వు చిన్నపిల్లవు, నీకేం ఎరుక” అంటే ఆమె చెయ్యి విసిరికొట్టాను. చిన్నపిల్లనైతే నా మాట ఎందుకు విన్నారు?

తిరిగి హైదరాబాద్ పోయే ముందు రోజు అమ్మమ్మ నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. చెప్పాలనుకున్నది రాత్రంతా మనసులో తిప్పుకున్నాను. నా వల్లనే అయింది పెద్దయ్యా, తప్పయింది. రెండే మాటలు. ఇల్లు నది పక్కనే, పెంకుటిల్లు. లోపల తడిసిన గడ్డి వాసన, అంబలి పులిసిన వాసన. పెద్దయ్య మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

“రా బిడ్డా. నీ కాటా తెచ్చినవా? ఇప్పుడు నన్ను గుంజుతె ఎంతొస్తదో చూడు.”

నేను నేల చూశాను.

“ఏడుస్తున్నవా ఏంది? గా లెక్క నాకు జర చెప్పు. ఆనాడు సేటు చూపిచ్చిండు గని నాకు సమజ్ కాలే.”

చెప్పాను. అయిదుకు రెండు, పదికి నాలుగు, ఇరవైకి ఎనిమిది. అతను చిన్నపిల్లాడిలా విన్నాడు.

“కదిలినంక గంతనే బిడ్డా, నిజమే. కదిలినంక ఎంత బరువైనా అదే పోతది. ఆగిన కాడి నుంచి మొదటి అడుగు చూడు, గదే గుంజుతది మనిషిని. గా అడుగు లెక్కల రాలేదా?”

వచ్చింది. రబ్బరుతో చెరిపేశాను. ఆ మాట కూడా చెప్పలేకపోయాను.

“గా అడుగుకు రెండు కిలోలు సాలు” అన్నాడు.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి అంబలి గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. పక్కన కూర్చుంది. “రెండు గూడ ఉండవేమో బిడ్డా” అంది మెల్లగా. “ఆనాడు కాటా మీద అందరు చూస్తున్నరని సిగ్గయి జర గట్టిగ ఒత్తిన. రోజు నేను ఒత్తేది ఏమున్నది. ఉత్తగ ఆనిస్త, గంతే.”

అంబలి తాగాను. ఉప్పగా ఉంది, ఉల్లిగడ్డ ముక్కలు ఉన్నాయి. చెప్పాల్సిన రెండు మాటలు నోట్లోనే ఉండగా తాగేశాను. అమ్మమ్మ, “ఇగ పోదాం, చీకటైతున్నది” అంది. లేచాను. అంతే.

బళ్లో ఆ చార్టుకు మొదటి బహుమతి వచ్చింది. సారు అందరి ముందు ఆ గీతను వేలితో చూపించి, ఎంత తిన్నగా ఉందో చూడండి అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇచ్చిన కప్పును ఇంటికి తెచ్చి అల్మారా వెనక్కి తోసేశాను. బతుకమ్మ రోజుల్లో అమ్మ ఫోన్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ, “అయ్యో, ఎప్పుడు?” అంది. పెద్దయ్య పోయాడని అడక్కుండానే నాకు తెలిసిపోయింది.

తర్వాత వంతెన వచ్చింది. లారీలు నేరుగా దుకాణాల ముందుకే వస్తున్నాయి. రేవుకు పనిలేకుండా పోయింది. పడవలు ఒడ్డున బోర్లా పడి ఎండకు పగిలాయి. ఒడ్డెక్కే దారి మీద తుమ్మలు మొలిచాయి. ఇప్పుడు ఎవరినైనా ఎనుకచెయ్యి అంటే ఏమిటని అడిగితే తెల్లమొహం వేస్తారు. సిరొంచ వెళ్లిన ప్రతిసారీ ఆ తుమ్మల దాకా పోతాను. దమ్ము మెట్టు ఎక్కడుండేదో పట్టుకోలేకపోతాను. వానలకు ఒడ్డు చాలా కోసుకుపోయింది.

అవ్వ కొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉండి, తర్వాత అహేరి దగ్గర చెల్లెలింటికి పోయింది. అప్పుడప్పుడు సిరొంచ సంతకు వచ్చేది. వచ్చినప్పుడల్లా దుకాణం ముందు ఆగి అమ్మమ్మతో రెండు మాటలు మాట్లాడి, నా గురించి అడిగేదట. అమ్మమ్మ ఫోన్‌లో చెప్పేది. నేను మాట మార్చేదాన్ని. ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా చెప్తాను అనుకునేదాన్ని. ప్రతి ఎండాకాలం అనుకునేదాన్ని.

మూడేళ్ల కింద ఒకసారి నేను అక్కడున్న రోజే సంత పడింది. పట్టపగలు, మేడ మీది గదిలో ఉన్నాను. కింద అవ్వ గొంతు వినిపించింది. సన్నబడింది, కానీ అదే గొంతు. “సిటీ పిల్ల అచ్చిందట గదా. జర చూసి పోదమని.”

అమ్మమ్మ కింది నుంచి నన్ను పిలిచింది. రెండుసార్లు పిలిచింది. మెట్లు పన్నెండు. దిగితే అయిపోయేది. చెప్పాల్సింది ఇన్నేళ్లుగా తయారుగానే ఉంది. లేచి నిలబడ్డాను కూడా. ఆఫీసులో ఎవరితోనైనా క్షణంలో గొడవకు దిగే నేను, ఎవరి మొహం మీదైనా ఏ మాటైనా అనేసే నేను, ఆ గది తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను.

కింద అమ్మమ్మ మెట్ల దాకా వచ్చిన చప్పుడైంది. తర్వాత అవ్వ అంది, “పండుకున్నదేమో అమ్మా, లేపకు. పట్నంల నిద్ర ఉంటదో లేదో పిల్లకు.”

చెప్పులు వేసుకున్న చప్పుడు వినిపించింది. ఆ చలికాలంలోనే అవ్వ చెల్లెలింట్లో చనిపోయింది.